చదువుల శిబిరానికి పంపే ముందు: సిరోంచ సరిహద్దు తల్లిదండ్రులు చేయవలసినవి, చేయకూడనివి

మార్చి నెల వచ్చేసరికి సిరోంచ, అంకీసా, ఆసరెల్లి ఊళ్ళలో బాగా చదివే పిల్లలున్న ఇళ్ళకు వేసవి శిబిరాల కరపత్రాలు అందుతుంటాయి. వాట్సాప్‌లో పోస్టర్లు తిరుగుతుంటాయి. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అక్కణ్ణుంచి వరంగల్, హైదరాబాద్. ప్రాణహిత వంతెన దాటితే చెన్నూరు, మంచిర్యాల. ఉత్తరానికి పోతే ఆలాపల్లి, చంద్రపూర్, నాగపూర్. అన్ని దిక్కుల నుంచీ పిలుపులే: గణిత శిబిరం, సైన్సు శిబిరం, ఒలింపియాడ్ శిక్షణ, ఐఐటీ ఫౌండేషన్. లెక్కల్లో దిట్ట అని మాస్టారు మెచ్చుకున్న బిడ్డకు ఇక్కడ దొరకనిది అక్కడ దొరుకుతుందన్న ఆశ న్యాయమైనదే. మంచి శిబిరం దొరికితే పంపాలి కూడా.

అయితే నిర్వాహకులను మనం అడిగేవి సిలబస్, ఫీజు, సర్టిఫికెట్టు. రాత్రిపూట పిల్లల గదుల దగ్గర ఎవరు పడుకుంటారని అడిగేవాళ్ళు తక్కువ. పన్నెండేళ్ళ పిల్ల పదో తరగతి లెక్కలు చేస్తుందంటే ఆ పిల్ల తెలివి పెద్దది, వయసు మాత్రం పన్నెండే. లోతు తెలియని నీళ్ళ దగ్గర, కొత్తవాళ్ళ మధ్య, జ్వరం వచ్చిన రాత్రి ఆ పిల్లకు కావలసింది తోటి పిల్లలకు కావలసినదే. పైగా బాగా చదివే పిల్లలకు పెద్దల మెప్పు అలవాటై ఉంటుంది. సారు చెప్పింది చేస్తే శభాష్ అంటారని తెలుసు. సారే తప్పు చేస్తుంటే కాదనడం వాళ్ళకు మరీ కష్టం. అందుకే ఈ పిల్లల విషయంలో జాగ్రత్త ఒక పాలు ఎక్కువే కావాలి. ముందు భద్రత గురించి అడగండి, తర్వాతే సిలబస్. ఆ ప్రశ్నలకు విసుక్కునే శిబిరాన్ని, దానికి ఎంత పేరున్నా సరే, వదిలేయండి.

1. శిబిరం ఎవరిదో తేల్చుకోండి

ప్రభుత్వ సంస్థలు నడిపే మంచి శిబిరాలు ఉన్నాయి. ఇస్రో 2019లో మొదలుపెట్టిన ‘యువికా’ తొమ్మిదో తరగతి పిల్లల కోసం. మే నెలలో రెండు వారాలపాటు శ్రీహరికోట, తిరువనంతపురం, హైదరాబాద్ వంటి చోట్ల ఉన్న ఇస్రో కేంద్రాల్లో జరుగుతుంది. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎనిమిదో తరగతి మార్కులతో పాటు ఆన్‌లైన్ క్విజ్, సైన్సు ప్రదర్శనలు, ఆటలు, స్కౌట్స్ వంటివి కూడా చూసి ఎంపిక చేస్తారు. పంచాయతీ ప్రాంతాల బడుల్లో చదివే పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. మన ఊళ్ళ పిల్లలకు ఇది పెద్ద అవకాశం. దరఖాస్తులు వేసవికి ముందే, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు కాబట్టి ఎనిమిదో తరగతిలో ఉండగానే దాని మీద కన్నేసి ఉంచండి.

ముంబైలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం ఒలింపియాడ్ శిబిరాలు నడుపుతుంది. అక్కడికి వెళ్ళే దారి ఒక్కటే: దేశవ్యాప్తంగా జరిగే పరీక్షల్లో నెగ్గడం. ఆ సీటు డబ్బుకు దొరకదు. ‘ఒలింపియాడ్ శిబిరంలో సీటు ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

పెద్ద సంస్థ పేరు వాడుకుని మోసం చేసేవాళ్ళుంటారు. 2024 ఆగస్టులో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో ఎన్‌సీసీ పేరుతో శిబిరం పెట్టారు. అది నకిలీది. రాత్రి బడిలోనే పడుకున్న ఆడపిల్లల మీద లైంగిక దాడులు జరిగాయి. ఆ శిబిరంతో తమకు సంబంధం లేదని ఎన్‌సీసీ తర్వాత ప్రకటించింది. అది బడి ఆవరణే, యూనిఫాం వేసుకున్న శిక్షకుడే, పేరున్న సంస్థ పేరే. ‘ఈ శిబిరం మీదేనా?’ అని ముందుగా ఎవరైనా ఆ సంస్థనే అడిగి ఉంటే అది నకిలీదని తెలిసిపోయేది.

చేయవలసినవి

- కరపత్రం మీద ఏ సంస్థ పేరుందో ఆ సంస్థకే నేరుగా ఫోన్ చేసి అడగండి. నంబరు కరపత్రం నుంచి తీసుకోకుండా సంస్థ అధికారిక వెబ్‌సైటు నుంచి తీసుకోండి. మీకు రాకపోతే బడిలో కంప్యూటర్ సారు చేత చూపించుకోండి.
- శిబిరం ఎన్నేళ్ళుగా నడుస్తోంది, పోయిన ఏడు ఎక్కడ జరిగింది, మన తాలూకా నుంచి ఎవరైనా వెళ్ళారా అని కనుక్కోండి. వెళ్ళిన పిల్లలతో, వాళ్ళ తల్లులతో విడిగా మాట్లాడండి.
- బాధ్యుడి పేరు, చిరునామా, సంస్థ నమోదు వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి.
- బోధకులను, వార్డెన్లను, వంటవాళ్ళను, డ్రైవర్లను పోలీసు తనిఖీ చేయించారా అని అడగండి.

చేయకూడనివి

- ‘మీ వాడు మా టాలెంట్ టెస్టులో ఎంపికయ్యాడు’ అన్న ఒక్క మాటకు కరిగిపోకండి. ఆ టెస్టు రాసినవాళ్ళలో ఎంతమంది ఎంపిక కాలేదో అడగండి. అందరూ ఎంపికైతే అది పరీక్ష కాదు, ప్రచారం.
- ఊళ్ళో పెద్దమనిషి చెప్పాడనో, చుట్టం చెప్పాడనో తనిఖీ మానేయకండి. వాళ్ళు కూడా కరపత్రం చూసే చెప్పి ఉండొచ్చు.

2. ఫోన్లో ఇలా అడగండి

మొహమాటం పడకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. “సార్, ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు? రాత్రి వాళ్ళ దగ్గర ఎవరు పడుకుంటారు?”

ఒక చోట ఇలా జవాబు రావచ్చు: “పద్దెనిమిది మంది అమ్మా. మొదటి అంతస్తు మొత్తం వాళ్ళదే. ఇద్దరు మేడమ్‌లు అక్కడే పడుకుంటారు. వాళ్ళ నంబర్లు పంపిస్తాను, మాట్లాడండి. చేర్పించే ముందు ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి.”

ఇంకో చోట ఇలా రావచ్చు: “అదంతా మేం చూసుకుంటాం, మీరేం రంది పెట్టుకోకండి. సీట్లు రెండే ఉన్నాయి, రేపటిలోగా ఫీజు వేసేయండి.”

మొదటాయన లెక్క చెప్పాడు, మనిషిని చూపించాడు, రమ్మన్నాడు. రెండో ఆయన మీ ప్రశ్నను దాటేసి డబ్బు దగ్గరికి వచ్చాడు. ఇద్దరి సిలబస్ ఒకటే అయినా బిడ్డను పంపవలసింది మొదటి చోటికే. ఇదే పద్ధతిలో మరికొన్ని అడగండి. జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? గేటు దగ్గర కాపలా ఎవరు? పిల్లలను బయటికి తీసుకెళ్తే వెంట ఎంతమంది పెద్దలుంటారు? ఆదివారం ఏం చేయిస్తారు?

3. డబ్బు దగ్గర

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్ల మీద రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. పదహారేళ్ళలోపు పిల్లలను కోచింగ్‌లో చేర్చుకోరాదని, ర్యాంకులు గ్యారంటీ అంటూ తప్పుదారి పట్టించే హామీలు ఇవ్వరాదని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. ఆరో తరగతి పిల్లవాడికి ‘ఐఐటీ సమ్మర్ క్యాంప్’ అమ్మడానికి వచ్చినవాళ్ళను ఈ మార్గదర్శకాల గురించి అడగండి.

చేయవలసినవి

- ఫీజు సంస్థ ఖాతాకే వేయండి, రసీదు తీసుకోండి. అందులో బస, భోజనం, ప్రయాణం ఉన్నాయో లేదో రాయించుకోండి.
- మధ్యలో తీసుకొచ్చేస్తే ఎంత తిరిగిస్తారో ముందే రాతలో అడగండి. డబ్బు పోతుందన్న భయంతో బిడ్డను ఇష్టం లేని చోట ఉంచేసే పరిస్థితి రాకూడదు.

చేయకూడనివి

- ఏజెంటు సొంత ఫోన్ నంబరుకు డబ్బు పంపకండి. ఎవరికీ ఓటీపీ చెప్పకండి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి.
- శిబిరం కోసం అప్పు తేకండి. ఇంత ఖర్చు పెట్టారన్న బరువు ఆ బిడ్డ మోయాల్సి వస్తుంది. అక్కడ కష్టంగా ఉన్నా ఇంటికి చెప్పడు.

4. భాష, లిపి, సెలవులు

ఈ సరిహద్దుకు ప్రత్యేకమైన చిక్కు ఇది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కొన్ని ఇళ్ళలో మాడియా, గోండి. మరాఠీ మాధ్యమంలో చదివిన సిరోంచ పిల్లవాడు హైదరాబాద్‌లో అందరితో తెలుగు ధారాళంగా మాట్లాడతాడు. అందుకని వాడికి తెలుగు చదవడం కూడా వచ్చనే అక్కడివాళ్ళు అనుకుంటారు. గోడ మీద ‘ప్రమాదం, లోపలికి రావద్దు’ అని తెలుగులో రాసి ఉంటే వాడు చదవలేకపోవచ్చు. ల్యాబులో సీసా మీది హెచ్చరికా అంతే. తెలివైన పిల్లలు రాదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి తల ఊపేస్తారు. ఆ సిగ్గు రసాయనాల దగ్గర, కరెంటు దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది.

చేయవలసినవి

- బిడ్డ ఏ లిపి చదవగలడో, ఏది చదవలేడో దరఖాస్తులోనే రాయండి. ల్యాబు జాగ్రత్తలు నోటితో చెప్పమని కోరండి.
- వెళ్ళేలోగా ‘ప్రమాదం’, ‘విద్యుత్’, ‘విషం’, ‘అత్యవసర ద్వారం’, ‘స్త్రీలు’, ‘పురుషులు’ అన్న బోర్డులను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గుర్తుపట్టడం నేర్పండి. ఒక సాయంత్రం చాలు.
- ఒక అట్ట ముక్క మీద మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో బిడ్డ పేరు, రక్తపు గ్రూపు, జబ్బులు, పడని మందులు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు రాయించండి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచి లోపలి వైపు కుట్టండి. పైకి కనిపించేలా మెడలో వేయకండి; పేరు పెట్టి పిలిచే ప్రతివాడూ తెలిసినవాడే అని పిల్లలు నమ్మేస్తారు.
- తేదీలు సరిచూసుకోండి. తెలంగాణలో బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. విదర్భలో దాదాపు జూన్ చివరి దాకా సెలవులు. అటువైపు శిబిరం ఏప్రిల్ చివర్లో మొదలైతే మన పిల్లలకు పరీక్షలు అయ్యాయో లేదో చూడండి.

చేయకూడనివి

- ‘మావాడికి అన్నీ వచ్చు’ అని నిర్వాహకుల దగ్గర గొప్పలు చెప్పకండి.

5. బస, భవనం

2019 మే 24న సూరత్‌లో తక్షశిల అనే వాణిజ్య భవనం పై అంతస్తులో కోచింగ్ క్లాసు జరుగుతుండగా మంటలు చెలరేగాయి. 22 మంది విద్యార్థులు చనిపోయారు. దిగే దారి లేక కొందరు పై నుంచి దూకారు. వేసవి సెలవుల్లో చదువు కోసం వచ్చిన పిల్లలు వాళ్ళు. అందుకే శిబిరం చూడటానికి వెళ్ళినప్పుడు తరగతి గది కంటే ముందు మెట్లు చూడండి.

చేయవలసినవి

- రెండో మెట్లదారి ఉందా? దాని తలుపు తీసి చూపించమనండి. తాళం వేసి ఉంటే అది దారి కిందికి రాదు.
- కిటికీలకు ఇనుప కడ్డీలుంటే లోపలి నుంచి తెరుచుకునేవి కొన్ని అయినా ఉన్నాయా చూడండి. మంటలార్పే సిలిండరు ఉందా, దాని మీది తేదీ దాటిపోయిందా చూడండి.
- మరుగుదొడ్లకు లోపలి గడియ ఉందా, రాత్రి దారిలో లైటుందా, ఆడపిల్లల వైపు వేరే దారి ఉందా చూడండి.
- వంటగది, తాగునీటి ట్యాంకు చూడండి.

చేయకూడనివి

- పిల్లలను నేల మీద పడుకోబెట్టే చోటు ఒప్పుకోకండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. ఆ కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర రెండూ అడగండి.
- పైన రేకుల షెడ్డు వేసి దాన్నే తరగతి గదిగా చేసిన చోటికి మే నెలలో పంపకండి.

6. నది, డ్యాము, విహారయాత్ర

2014 జూన్ 8న హైదరాబాద్‌ నుంచి హిమాచల్‌కు విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా ఎగువన లార్జీ డ్యాము నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వాళ్ళంతా పెద్ద చదువులు చదువుతున్నవాళ్ళే. నీళ్ళు ఎప్పుడు వదులుతారో మాత్రం వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు.

మన దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. కింద 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ. ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి కలుస్తుంది. శిబిరాల వాళ్ళు ‘నదుల సంగమం, బ్యారేజీ ఇంజనీరింగు చూపిస్తాం’ అని పిల్లలను ఇక్కడికే తీసుకురావచ్చు. వేసవిలో ఇసుక తేలి నది మోకాటి లోతే అనిపిస్తుంది. ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనపడవు. ఒక అడుగు మోకాళ్ళ దాకా, తర్వాతి అడుగు తల మునిగేదాకా. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో దిగిన ఆరుగురు యువకులు మునిగిపోయారు. నది ఒడ్డునే పుట్టి పెరిగాం కదా అని మన పిల్లలు ధైర్యం చేస్తారు. వాళ్ళకు తెలిసిన నది నిరుడు తవ్వకముందు ఉన్న నది.

చేయవలసినవి

- యాత్రల జాబితా ముందే తీసుకోండి. నీళ్ళున్న చోటికి వెళ్తే ఈత వచ్చిన పెద్దలు ఎంతమంది, లైఫ్ జాకెట్లు ఎన్ని, స్థానిక అధికారులకు చెప్పారా అని అడగండి.
- అనుమతి పత్రంలో ‘నీళ్ళలోకి దింపకూడదు’ అని మీ చేతులతో రాసి సంతకం పెట్టండి.
- స్నేహితుడు మునిగిపోతుంటే దూకవద్దని, కేకలు వేసి చీర, తాడు, కర్ర అందించమని బిడ్డకు నేర్పండి.

చేయకూడనివి

- ‘ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదు’ అని రాసి ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. ఆ వాక్యం కొట్టేసి పెట్టండి. ఒప్పుకోకపోతే బిడ్డను తీసుకుని తిరిగి వచ్చేయండి.

7. ఎండ, జ్వరం, సికిల్ సెల్

చంద్రపూర్, గడ్చిరోలి వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట కార్యక్రమం పెట్టిన శిబిరానికి పిల్లల గురించి తెలియదనే అర్థం.

గడ్చిరోలి మలేరియా ఎక్కువగా ఉన్న జిల్లా. ఇక్కడి బిడ్డకు హైదరాబాద్‌లోనో పుణెలోనో జ్వరం వస్తే అక్కడి డాక్టరు ముందుగా మలేరియా అనుకోకపోవచ్చు. ‘బిడ్డ గడ్చిరోలి జిల్లా నుంచి వచ్చాడు, రక్తపరీక్ష చేయండి’ అని చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

మన ప్రాంతంలో, ముఖ్యంగా ఆదివాసీ కుటుంబాల్లో, సికిల్ సెల్ జబ్బు ఉంది. 2023 జులై 1న దాని నిర్మూలనకు దేశవ్యాప్త మిషన్ మొదలైంది, పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఈ జబ్బున్న బిడ్డకు ఒంట్లో నీరు తగ్గినా, చల్లటి నీళ్ళలో తడిసినా, అలసట ఎక్కువైనా, ఇన్ఫెక్షన్ వచ్చినా భరించలేని ఒళ్ళునొప్పులు రావచ్చు. తెలియని వార్డెన్ దాన్ని క్లాసు ఎగ్గొట్టే సాకు అనుకుంటారు.

చేయవలసినవి

- వెళ్ళేముందు సికిల్ సెల్ పరీక్ష చేయించండి. గ్రామీణ ఆసుపత్రిలో అడగండి. కార్డు ఉంటే దాని నకలు శిబిరానికి ఇచ్చి, నొప్పి మొదలైతే ఏం చేయాలో డాక్టరు చేత రాయించండి.
- ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వేసే మందులు, పెద్ద నీళ్ళ సీసా పంపండి. క్లాసులో ఉన్నా నీళ్ళు తాగనివ్వాలని చెప్పండి.
- పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ మాట శిబిరంవాళ్ళకూ తెలుసో లేదో అడగండి.
- తిరిగొచ్చిన తర్వాత జ్వరం వస్తే ఎక్కడెక్కడ తిరిగాడో డాక్టరుకు చెప్పండి.

చేయకూడనివి

- జబ్బు ఉందని తెలిస్తే సీటు ఇవ్వరేమోనని దాచకండి. చెబితే సీటు ఇవ్వని చోటు ఆ బిడ్డకు క్షేమమైన చోటు ఎలాగూ కాదు.

8. పిల్లల ఒంటి మీద వాళ్ళకే హక్కు

పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ నడిపేవాళ్ళు దాచితే అది శిక్ష పడే నేరం. ‘మన పరువు, సంస్థ పేరు’ అని కప్పిపుచ్చడానికి చట్టం ఎవరికీ వీలివ్వలేదు.

తెలివైన పిల్లల దగ్గరికి చెడ్డ మనిషి చదువు పేరుతోనే వస్తాడు. “నువ్వు మిగతావాళ్ళలాగా కాదు, నీకు విడిగా చెబుతాను, రాత్రి నా గదికి రా” అంటాడు. ఆ పొగడ్తే ఉచ్చు అని బిడ్డకు ముందే చెప్పాలి.

చేయవలసినవి

- ఒక పెద్ద, ఒక బిడ్డ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం శిబిరంలో ఉందా అని అడగండి. విడిగా పాఠం చెప్పాలన్నా తలుపు తెరిచి చెప్పాలి.
- బిడ్డతో ఈ మాటలు చెప్పండి: “సారు ఎంత గొప్పవాడైనా, నీకు నచ్చకుండా ముట్టుకుంటే వద్దు అను. అక్కణ్ణుంచి వచ్చెయ్. అవ్వకో బాపుకో చెప్పు. ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట ఎవరు చెప్పినా అదే ముందు మాకు చెప్పాల్సిన మాట. నువ్వు చెబితే మేం నమ్ముతాం, కోప్పడం.”
- ఫోన్లో వాడటానికి ఒక గుర్తుమాట పెట్టుకోండి. “మన బర్రె ఈనిందా?” అని బిడ్డ అడిగితే ‘వెంటనే రండి’ అని అర్థం. పక్కన ఎవరున్నా చెప్పగలిగే మాటై ఉండాలి.

చేయకూడనివి

- బోధకులు బిడ్డకు విడిగా మెసేజులు పెట్టడం, కానుకలు ఇవ్వడం ఒప్పుకోకండి.
- బిడ్డ పేరు, ఊరు, ఫొటో కలిపి ప్రచారానికి వాడుకోవడానికి అనుమతి ఇవ్వకండి.
- బిడ్డ చెప్పినప్పుడు “నువ్వేం చేశావు?” అని మొదలుపెట్టకండి.

9. మనసుకు తగిలే దెబ్బ

ఇక్కడ ఎప్పుడూ మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల అక్కడ ఇరవయ్యో స్థానంలో ఉండొచ్చు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్ళ మధ్య నోరు మెదపలేకపోవచ్చు. యాస మీద, ఊరి మీద ఎగతాళి రావచ్చు. ‘గడ్చిరోలి అంటే నక్సలైట్లే కదా’ అనేవాళ్ళూ ఉంటారు. ముందే చెప్పి పంపితే ఆ దెబ్బ సగం తగ్గుతుంది.

చేయవలసినవి

- రోజుకు ఎన్ని గంటల చదువు, ఎన్ని గంటల నిద్ర, ఎన్ని గంటల ఆట అని అడగండి. ఎనిమిది గంటల నిద్ర లేని చోట బుర్ర పనిచేయదు.
- పదేళ్ళలోపు పిల్లలకు రాత్రి బస ఉన్న శిబిరం వద్దు. పగటిపూట శిబిరాలు చాలు.
- బిడ్డ తనను తాను తక్కువ చేసుకుని మాట్లాడుతుంటే, తిండి మానేస్తే, ఫోన్‌కు రాకపోతే కారణం కనుక్కోండి. మనసు బాగోలేనివాళ్ళకు సాయం చేసే టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

చేయకూడనివి

- రోజూ మార్కులు గోడ మీద అంటించి వరుసలు మార్చే శిబిరాన్ని ఎంచుకోకండి.
- “ఎంతొచ్చింది? ఎన్నో స్థానం?” అని ఫోన్లో అడగకండి. “ఏం తిన్నావు? ఎవరితో ఆడావు?” అని అడగండి.

10. ప్రయాణం, ఫోను, తిరిగి రాక

బిడ్డను మీరే దిగబెట్టండి, మీరే తెచ్చుకోండి. ఏజెంటు ఊరూరా తిరిగి పదిమంది పిల్లలను జీపులో కుక్కి రాష్ట్రం దాటిస్తానంటే ఎంతమాత్రం ఒప్పుకోకండి. చదువు పేరు చెప్పి పిల్లలను పనికి తరలించే ముఠాలు వాడుకునేది ఈ పద్ధతినే. ఆధార్, బడి ఇచ్చిన బోనఫైడ్ నకళ్ళు ఇవ్వండి, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. బిడ్డను తీసుకెళ్ళడానికి ఎవరెవరు రావచ్చో పేర్లు రాసి ఇవ్వండి.

రోజూ ఒక సమయానికి ఫోన్ మాట్లాడే ఏర్పాటు ఉండాలి. భామరాగడ్, ఏటపల్లి వైపు లోపలి ఊళ్ళలో కొన్నిచోట్ల టవర్ అందదు కాబట్టి ఆ సమయానికి సిగ్నల్ దొరికే చోట ఎవరుంటారో ముందే అనుకోండి. ఫోన్లు అసలే కుదరవు అనే శిబిరం, పక్కన మనిషిని నిలబెట్టి మాట్లాడించే శిబిరం, చెప్పకుండా వస్తే గేటు తీయని శిబిరం, ఈ మూడూ వద్దు.

తిరిగొచ్చిన రోజు సర్టిఫికెట్టు చుట్టాలకు చూపించే ముందు బిడ్డను స్థిమితంగా కూర్చోబెట్టి మాట్లాడించండి. మళ్ళీ వెళ్తావా అని అడగండి. వెళ్ళనంటే ఎందుకో చెప్పేదాకా ఓపిక పట్టండి.

11. నచ్చిన శిబిరం దొరకకపోతే

ఏడాది ఆగితే ఏమీ పోదు. సిరోంచ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకలతో బరాపాసారస్ అనే పెద్ద డైనోసార్ లోకానికి తెలిసింది. 1975లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. ప్రాణహితకు అవతల యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో చూడొచ్చు. దాని పేరులోని ‘కోటా’ మన ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరిదే. వడదంలో శిలాజాల పార్కు ఉంది. సైన్సు మాస్టారు ఒకరు, తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు పూనుకుంటే నాలుగు ఉదయాలు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి రాళ్ళను చూడటం, కొలవడం, బొమ్మ గీయడం, రాసుకోవడం నేర్పవచ్చు. రాళ్ళు ఏరి ఇంటికి తేకూడదన్న నియమం కూడా సైన్సు పాఠమే. ఆ తర్వాత ఒకసారి మీరే వెంట వెళ్ళి హైదరాబాద్‌లో కోటాసారస్ అస్థిపంజరం చూపించి రండి. పేరు లేని శిబిరంలో పదిహేను రోజులు బట్టీ పట్టడం కంటే ఈ చదువు ఆ బిడ్డ బుర్రకు ఎక్కువ పని పెడుతుంది.

ఇంటి గోడ మీద రాసి పెట్టుకోవలసిన నంబర్లు

- ఏ అత్యవసరానికైనా: 112
- అంబులెన్సు: 108
- పిల్లల సహాయానికి: 1098
- సైబర్ మోసానికి: 1930
- మనసు బాగోలేకపోతే: 14416

ఈ నంబర్లు బిడ్డకు నోటికి వచ్చేలా చెప్పించండి. ఎక్కాలు నేర్చిన బిడ్డకు అయిదు నంబర్లు ఎక్కువేం కాదు. మంచి శిబిరం మీ ప్రశ్నలన్నిటికీ కూర్చోబెట్టి జవాబు చెబుతుంది. అలాంటి చోటు దొరికితే ధైర్యంగా పంపండి. దొరకకపోతే ఈ వేసవికి మీ దగ్గరే ఉంచుకోండి.